గుంతలో పోయని నీళ్ళు

పదిహేడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. ఆ మాట వల్ల ఒక మేస్త్రి పేరు పోయింది. మనిషి బతికే ఉన్నాడు, పేరే పోయింది. ఆ మాట అబద్ధమని ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియదు. పోయిన నెల దాకా ఇంట్లో మా ఆయనకు కూడా తెలియదు. పక్కన పడుకున్న మనిషికే అన్నేళ్ళు చెప్పుకోలేనిది ముక్కూముఖం తెలియని మీకు చెప్తున్నానేమిటా అనిపిస్తోంది. బహుశా తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. విడపనకల్లు దాటి హగరి ఏటి వైపు పోతే ఇసక దిబ్బల మధ్య పల్లెలుంటాయి, వాటిలో ఒకటి అనుకోండి. పేరు దాచుకుని ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడమని మీరు అడగొచ్చు. న్యాయమే. ఎవరికి తెలియాలో వాళ్ళకు ఇప్పుడు తెలిసింది, అది చివర్లో చెప్తాను. ఆయన పేరు మాత్రం దాచను. తిప్పన్న. తిప్పన్న మేస్త్రి. ఇన్నాళ్ళూ చెడ్డగా చెప్పుకున్న పేరును ఈ ఒక్కచోటైనా సరిగ్గా చెప్పాలి.

నాది మట్టి పరీక్షలు చేసే లాబ్‌లో ఉద్యోగం. ఒక భవనం కట్టేముందు అక్కడి నేల ఎంత బరువు మోస్తుందో చూసి, పునాది ఎంత లోతు తీయాలో రాసివ్వడం మా పని. అప్పట్లో నాకు ఇరవయ్యేడేళ్ళు. అంతవరకూ లాబ్‌లోనే జల్లెళ్ళు పట్టుకుని, త్రాసు ముందు కూర్చునేదాన్ని. ఆడమనిషిని ఫీల్డుకు ఒంటరిగా పంపడమా అని మా పైఅధికారి ఏడాదంతా నసిగి, చివరికి ఒక పల్లెలో రెండు గదుల బడి కట్టే చోటికి పంపాడు. మొట్టమొదటి ఫీల్డు పని. జీపులో ముందు సీట్లో కూర్చున్నాను. నా అంతటిది లేదనుకున్నాను.

మా వైపు నేల సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు చిన్నదిగా కనిపిస్తుంది. పూర్తిగా ఎండిన ఏటి ఇసకను గుప్పిట పడితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. కొంచెం చెమ్మ తగిలితే అదే ఇసక ముద్ద కడుతుంది. చిన్నప్పుడు పాదం మీద తడి ఇసక కప్పి, మెల్లగా కాలు తీసేసి గూళ్ళు కట్టలేదూ? ఆ గూడు నిలబడటానికి కారణం రేణువుల మధ్య సన్నటి సందుల్లో చిక్కుకున్న కాసిన్ని నీళ్ళు. ఆ నీళ్ళు రేణువులను లోపలికి పీలుస్తూ ఒకదాన్నొకటి వదలకుండా పట్టి ఉంచుతాయి. మా పల్లెల్లో ఇసకతో పాటు కొంచెం బంకమన్ను కలిసి ఉంటుంది కాబట్టి ఎంత ఎండాకాలమైనా ఆ చెమ్మ పూర్తిగా పోదు. తగ్గేకొద్దీ ఆ పీల్చడం ఇంకా బిగుస్తుంది. మే నెలలో అక్కడ పార వేస్తే ఠంగుమంటుంది.

ఇంత గట్టి నేల మీద ఏం కట్టినా నిలుస్తుందనిపిస్తుంది చూసేవాళ్ళకు. వాన పడి సందులన్నీ నీళ్ళతో నిండిపోయాయనుకోండి, ఇక పీల్చేది ఏమీ ఉండదు. రేణువుల మధ్య పట్టు వదిలిపోతుంది, పైన ఉన్న బరువుతో సహా నేల కుంగుతుంది. అందుకే ఇసక నేలకు పరీక్ష రెండుసార్లు చేయాలి. గుంత తీసి, అడుగున ఇనుప పలక పెట్టి, జాకీతో అదిమి, పలక ఎంత దిగిందో డయల్ మీద చూడాలి. తర్వాత గుంత నిండా నీళ్ళు పోసి, ఒక రాత్రంతా నానబెట్టి, మర్నాడు మళ్ళీ చూడాలి. రెండో లెక్కే అసలు లెక్క. ఇది మాకు చదువులో మొట్టమొదట నేర్పే సంగతి. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

ఆ ఏడు కరువు. ఆ ఏడనేముంది, దాని ముందు ఏడూ కరువే. ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోయి రెండు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది. కాంట్రాక్టరు ఎక్కడినుంచో రెండు డ్రముల నీళ్ళు తెప్పించి గుంత పక్కన పెట్టించాడు. గుంతలో పోయడానికే. పొద్దున పొడి నేల మీద పరీక్ష చేశాను. డయల్ ముల్లు కదల్లేదంటే కదల్లేదు. మధ్యాహ్నానికి నోట్‌బుక్‌లో మొదటి వరుస అంకెలు నింపి, ఇక నీళ్ళు పోయిద్దామని కూలీలను పిలవబోతున్నాను.

అప్పుడు ఆడవాళ్ళు వచ్చారు. ఎనిమిదిమందో తొమ్మిదిమందో. బిందెలు తెచ్చుకున్నారు, కానీ చంకలో పెట్టుకోకుండా వెనక దాచుకున్నట్టు పట్టుకున్నారు. ఆ రోజు రావాల్సిన ట్యాంకరు రాలేదట. ఎవరూ నీళ్ళడగలేదు. ఒక పెద్దామె మాత్రం డ్రముల వైపు చూసి, "ఈ నీళ్లు దేనికమ్మా?" అంది. ఈ గుంతలో పోయడానికి అని చెప్పాలి. నాకు నోరు రాలేదు. నేనూ నీళ్ళు మోసి పెరిగినదాన్నే. తాగే నీళ్ళను తీసుకెళ్ళి గుంతలో పోస్తామని ఆమె ముఖం చూసి ఎలా చెప్పను? పట్టుకోండమ్మా అన్నాను. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాను, కాంట్రాక్టరుకు తెలిస్తే గొడవవుతుందని. అరగంటలో రెండు డ్రములూ ఖాళీ. పోతూ పోతూ ఆ పెద్దామె నా తల మీద చెయ్యిపెట్టి, "నీ కడుపు సల్లగుండ తల్లీ" అంది.

ఇంతవరకూ నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను. ఇకమీద చేసిందే తప్పు.

నోట్‌బుక్‌లో రెండో వరుస ఖాళీగా ఉంది. దాని పైన "నానబెట్టిన తర్వాత" అని నా చేత్తోనే రాసిపెట్టుకున్నాను. అక్కడ "నీళ్ళు లేవు, పరీక్ష చేయలేదు" అని నాలుగు మాటలు రాసి ఉంటే ఏమయ్యేది? పైఅధికారి అరిచేవాడు. ఆడదాన్ని పంపితే ఇంతే అనేవాడు. నెల తర్వాత మళ్ళీ నీళ్ళు తెప్పించుకుని మళ్ళీ రావాల్సి వచ్చేది. అంతకుమించి ఏమీ అయ్యేది కాదు. ఆ అరుపుకు భయపడి, మర్నాటి పొద్దున జీపు నీడలో కూర్చుని, మొదటి వరుస అంకెలకు కొంచెం కొంచెం కలిపి రెండో వరుస రాశాను. ఎంత కుంగితే చదివేవాళ్ళు నమ్ముతారో అంత కుంగించాను. రాసేటప్పుడు చెయ్యి వణికిందా అంటే, లేదు. పుణ్యం చేసిన చెయ్యి కదా, నిబ్బరంగానే రాసింది.

కూలీలు గుంత పూడుస్తున్నారు. అప్పుడే తిప్పన్న మోపెడ్ మీద వచ్చాడు. ముందురోజు వేరే ఊళ్ళో పనికి పోయి ఉన్నాడు. బడి కట్టబోయే మేస్త్రి ఆయనే. నలభై, నలభై అయిదేళ్ళుంటాయి, చెవి వెనక పెన్సిలు, మోకాళ్ళ దాకా సున్నం మరకలు. మోపెడ్ దిగి సగం పూడిన గుంతను చూశాడు, ఖాళీ డ్రముల్లోకి తొంగిచూశాడు.

"ఏమ్మా, గుంతలో నీళ్లు పోసి చూసినారా?"

"పోసినాం అన్నా."

"రాత్రంతా నాననిచ్చినారా?"

"ఆ, నాననిచ్చినాం."

"మల్ల ఎంత దిగింది?"

"పెద్దగా దిగలేదన్నా. రెండున్నర అడుగులు తీస్తే సాలు."

ఆయన తల గోక్కున్నాడు. "నేను యాడ పునాది తీసినా ముందు నాలుగు బిందెలు పోసి, తెల్లారినంక గడ్డపార దింపి చూస్తానమ్మా. మా నాయన నేర్పిన పని. ఈ ఇసక దుబ్బ ఉండాది చూడు, ఎండకు రాయి మాదిరి ఉంటాది, వాన తగిలితే అంబలే. ఐదడుగులు పోతే గట్టి మొరం తగుల్తాదని నా లెక్క. కానీ మీరు మిషన్లు పెట్టి, రెండు డ్రములు పోసి చూసినారు. ఈ కరువులో ఇంక నేను మల్ల నాలుగు బిందెలు పోసేది దండగ గదా?"

"దండగే అన్నా" అన్నాను.

పోసినాం అన్నది అబద్ధం. దండగే అన్నది దాని కన్నా పెద్దది, నాకు ఇది చాలా ఏళ్ళకు గానీ తెలిసిరాలేదు. ఆ మనిషి దగ్గర ఒక పద్ధతి ఉంది. తండ్రి ఇచ్చింది. ఏ రిపోర్టూ లేకుండా ఆ పద్ధతి ఒక్కటే ఆ బడిని కాపాడి ఉండేది. దాన్ని ఆయన నా చదువు మీద గౌరవంతో, ఊరి నీళ్ళ మీద దయతో పక్కన పెడుతుంటే, పెట్టమని నేనే చెప్పాను.

బడి కట్టారు. రెండేళ్ళు చెక్కుచెదరకుండా నిలబడింది. నిలబడక ఏం చేస్తుంది, వానే లేదు! ఆ రెండేళ్ళూ నేను నా అబద్ధాన్ని దాదాపు మరిచిపోయాను. ఊరికే భయపడ్డానని నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి. మా జిల్లాలో అందరూ ఆకాశం వైపు చూసి వాన కోసం మొక్కుతుంటే, పడకపోతేనే బాగుండునని లోపలెక్కడో అనుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మూడో ఏడు పడింది. మూడు రోజులు విడవకుండా. హగరి నిండి పారిందని, చెరువుల్లో నీళ్ళొచ్చాయని జనం కొబ్బరికాయలు కొట్టారు. నాలుగో రోజు ఆదివారం, బడి ఒక మూల అడుగున్నర కుంగింది. గోడ నిలువునా విచ్చుకుంది, కప్పు ఒక పక్కకు వాలింది. ఆదివారం కాబట్టి పిల్లలెవరూ లేరు. సోమవారం అయి ఉంటే? ఈ ప్రశ్న దగ్గర మాత్రం నేను ఎప్పుడూ ఎక్కువసేపు ఆగలేను. మరమ్మతులు అయ్యేదాకా పిల్లలు రెండేళ్ళు రేకుల షెడ్డులో చదువుకున్నారని తర్వాత తెలిసింది.

విచారణకు వచ్చినవాళ్ళు రిపోర్టు చూశారు. నానబెట్టి పరీక్ష చేశారు, నేల బాగుందని ఉంది. నేల మంచిదైతే ఇక కట్టినవాడే కదా చెడ్డవాడు? పగిలిన గోడలోంచి కాస్త గచ్చు తీసి వేళ్ళతో నలిపారట. అలా పగిలిన గోడలో ఎవరు కలిపిన గచ్చయినా నలుగుతుంది. సిమెంటు మింగేశాడని తేల్చారు. మా పైఅధికారి నన్ను పిలిచి, "నానబెట్టే చేశాం కదమ్మా?" అని ఒక్క ముక్క అడిగాడు. "చేశాం సార్" అన్నాను. తేలు కుట్టిన దొంగకు అరవడానికి నోరుండదంటారు. నాకు నోరుంది, అది మాత్రం రెండోసారి కూడా అబద్ధానికే తెరుచుకుంది.

తిప్పన్న ఊరుకోలేదట. నీళ్ళు పోశామని మేడమ్ చెప్పింది, అందుకే నేను పోయలేదు, ఆమెను పిలిచి అడగండని ఊరందరికీ చెప్పుకున్నాడట. ఎవరడుగుతారు? రిపోర్టులో ఉండనే ఉంది. నా మాటే ఆయనకు సాక్ష్యం, నా కాగితమే ఆయనకు శిక్ష. తర్వాత ఆ చుట్టుపక్కల ఆయనకు ఒక్క గోడ పని కూడా ఇవ్వలేదు. బళ్ళారి వైపు పోయి, తన కన్నా చిన్నవాళ్ళ దగ్గర ఇటుకలు అందిస్తున్నాడని విన్నాను. ఒకసారి ఉరవకొండ బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "ఎవురప్పా, బీటల తిప్పన్ననా?" అన్నాడొకడు. రెండోవాడు నవ్వాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నన్నెవరూ ఏమీ అనకుండానే తర్వాతి స్టాపులో దిగిపోయి, ఎండలో గంటసేపు ఇంకో బస్సు కోసం నిలబడ్డాను.

ఇన్నేళ్ళు ఎలా బతికావని అడుగుతారేమో. బాగానే బతికాను. అదే విడ్డూరం. పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ప్రమోషన్ వచ్చింది. మనసు పీకినప్పుడల్లా ఆ పెద్దామె దీవెన తీసి అడ్డం పెట్టుకునేదాన్ని. దాహంతో ఉన్నవాళ్ళకు నీళ్ళిచ్చాను, దానికేనా ఇంత శిక్ష అని నా మీద నేనే జాలిపడేదాన్ని. నీళ్ళివ్వడం ఒకటి, పోశామనడం ఇంకొకటి అని తెలిసి కూడా రెంటినీ కలిపి ముడేసుకున్నాను, విప్పితే ఏది బయటపడుతుందో తెలుసు కాబట్టి. లాబ్‌లో మాత్రం రాక్షసినయ్యాను. నానబెట్టకుండా ఎవరు ఏ అంకె తెచ్చినా నోట్‌బుక్ విసిరికొట్టేదాన్ని. చిన్నవాళ్ళు నా వెనక "నానబెట్టే మేడమ్" అని నవ్వుకుంటారు, ఇడ్లీలకు పప్పు కూడా వారం ముందే నానేస్తుందట అని. వాళ్ళు దాన్ని పని మీద భక్తి అనుకున్నారు. భయమని వాళ్ళకెలా తెలుస్తుంది?

ఈ మధ్య ఒక ఫైలు వచ్చింది. అదే ఊరు, అదే బడి. ఇప్పుడు నాలుగేళ్ళుగా వానలు కాస్త బాగున్నాయి, ఊళ్ళోకి కొళాయిలు వచ్చాయి, పిల్లలు పెరిగారు. ఇంకో రెండు గదులు కట్టాలట. ఫైల్లో స్థలం గురించి రాసే చోట ఎవరో ఇలా రాశారు: నేల మంచిది, గతంలో గది కుంగినది మేస్త్రి నాసిరకం పని వల్ల.

నేల మంచిది. అది నేను పుట్టించిన మాట. పదిహేడేళ్ళు నడిచీ నడిచీ నా బల్ల మీదికే వచ్చి కూర్చుంది. ఈసారి కూడా గోడ ఆదివారమే కుంగుతుందని ఎవరు చెప్పగలరు?

నిజం చెప్తాను, అప్పుడు కూడా నాకు మొదట తోచింది తప్పించుకునే దారే. వెళ్ళి, ఈసారి నీళ్ళు పోసి, సరిగ్గా పరీక్ష చేసి, ఐదడుగులు తీయమని రాస్తే చాలు. గదులు నిలుస్తాయి, పిల్లలు చల్లగా ఉంటారు, నా సంగతి నాతోనే ఉంటుంది. రెండు రోజులు ఈ ఆలోచనతో హాయిగా ఉన్నాను కూడా. మూడో రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, అన్నం కలుపుతూ, మరి తిప్పన్నకు ఏం మిగులుతుంది అనుకున్నాను. గదులు నిలబడితే ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారు? చూశావా, మంచి మేస్త్రి కడితే ఇలా ఉంటుంది అనుకుంటారు. నేను ఎంత సరిగ్గా చేస్తే ఆయన అంత దొంగవుతాడు. ఆ రోజు అన్నం తినలేదు.

పోయిన నెల ఆ ఊరు వెళ్ళాను. ముందు తిప్పన్న ఇంటికే పోయాను. తిరిగొచ్చి ఊళ్ళోనే ఉంటున్నాడు, అరవై దాటాయి. నన్ను గుర్తుపట్టలేదు. గుమ్మంలో నిలబడి చెప్పబోయి, చెప్పలేకపోయాను. "రేపు పొద్దున బడి కాడికి రాండన్నా, అక్కనూ పిల్చుకుని రాండి" అని మాత్రం అనగలిగాను. ఎందుకని ఆయన అడగలేదు, అడిగి లాభం లేదని ఎప్పుడో నేర్చుకున్నట్టు తల ఊపాడు. ఆ సాయంత్రం గుంతలో పైపు పెట్టి, నిండా నీళ్ళు నేనే నిలబడి పట్టించాను. అంతకుముందే పొడి నేల మీద జాకీ వేసి చూశాను. ముల్లు కదల్లేదు, అప్పటి లాగే.

మర్నాడు జనం బాగానే పోగయ్యారు. కొళాయి నీళ్ళు గుంతలో పోసిన పిచ్చిదెవరా అని చూడటానికే చాలామంది వచ్చారు. తిప్పన్న దూరంగా నిలబడ్డాడు, పక్కన ఆయన భార్య లచ్చుమక్క. జాకీ తిప్పడం మొదలుపెట్టగానే డయల్ ముల్లు గిర్రున తిరిగింది. ఇంకా తిప్పితే పలక కళ్ళముందే మునిగిపోయింది. ముందురోజు అదే నేల మీద ముల్లు కదలకపోవడం చూసినవాళ్ళు నోళ్ళు తెరిచారు. "అంటే మన్నుదే మోసమప్పా, తిప్పన్నది గాదు" అన్నాడొక పెద్దమనిషి.

ఎంత చక్కటి దారి తెరిచాడో చూడండి! మన్ను మీదికి నెట్టేస్తే తిప్పన్న బయటపడతాడు, నేనూ బయటపడతాను, మన్ను వచ్చి కాదనదు. ఒక్క క్షణం నేను ఊరుకున్నాను. ఆ ఒక్క క్షణం కూడా మీకు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. తర్వాత చెప్పేశాను. మన్ను అప్పుడూ ఇంతే, ఇది తెలుసుకోవడమే నా పని, పదిహేడేళ్ళ కింద ఈడికి వచ్చింది నేనే, నీళ్ళు పోయకుండా పోశానని రాశాను, తిప్పన్న అడిగితే పోసినామని అబద్ధం చెప్పాను అని. గొంతు పెద్దగా రాలేదు. వెనకవాళ్ళు ఏమంది ఏమంది అని ముందువాళ్ళను అడుగుతున్నారు.

డ్రముల సంగతి చెప్పగానే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అయ్యో, ఆ నీళ్లు మేమే పట్టుకుంటిమి గదా, గుంతకు తెచ్చినవని మాకేం తెలుసు" అంది ఒకామె. "నేనూ రెండు బిందెలు ఎత్తుకపోతి, ఎవరికీ చెప్పొద్దంటివని ఇంట్లో కూడా చెప్పలేదు" అంది లచ్చుమక్క, నెమ్మదిగా. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకోవడానికి వాళ్ళు సిద్ధంగా ఉన్నారు, నా వంతు తగ్గించడానికి. వద్దన్నాను. నీళ్ళు తాగడంలో తప్పు లేదక్కా, నా నోట్‌బుక్‌లో ఏం రాయాలో నాకు తెలుసు, నేను రాయలేదు అన్నాను.

తిప్పన్న దగ్గరికి వచ్చాడు. నా వైపు చాలాసేపు చూశాడు, కోపంగా అని కూడా చెప్పలేను. "నా ఇరవై గోడలు పోయినాయమ్మా" అన్నాడు చివరికి. కట్టాల్సినవి, కట్టనివ్వనివి. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. క్షమించమని అడగాలని ఇంటినుంచి అనుకుని వచ్చాను. ఆ మాట విన్నాక అడగడానికి సిగ్గేసింది.

లచ్చుమక్క మాత్రం కదల్లేదు. అప్పుడే చేలోంచి వస్తున్న ఒకామెను చెయ్యి పట్టుకుని నా ముందుకు లాక్కొచ్చింది. "ఈమె ఇనలేదు. ఈమెకూ చెప్పు" అంది. చెప్పాను. ఇంకొకరిని తెచ్చింది. చెప్పాను. పాలు పోయడానికి పోతున్న ఒకాయన్ను సైకిలు ఆపించి చెప్పించింది. చెప్పేకొద్దీ మాట చిన్నదైంది. ఎండాకాలం, కరువు, నా మొదటి ఫీల్డు పని, అవన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. చెప్పేకొద్దీ గొంతు కూడా తెరుచుకుంది, ఇది నేను అనుకోని సంగతి. బస్సుకు బయలుదేరుతుంటే లచ్చుమక్క నా వెంట రోడ్డు దాకా వచ్చింది. దయతో కాదు. "మా చెల్లెలు యాడికి ఊర్లో ఉంటాది. ఈ దొంగతనం మాట పుట్టినప్పటి నుంచి మా ఇంటి గడప తొక్కలేదు, కూతురు పెండ్లికి కూడా పిలవలేదు. నేను చెప్తే మొగున్ని ఎనకేసుకొస్తాండాది అంటాది. నువ్వే పోయి చెప్పల్ల" అంది.

జరిగిందంతా లాబ్‌లో రాసిచ్చాను. ఏం చేస్తారో ఇంకా చెప్పలేదు. ఉద్యోగం పోవచ్చు, మా ఆయనకు ఆ రోజే చెప్పాను. ఆయన సగం విని ఫ్యాను ఆపి, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. ఆ ఊళ్ళో పునాది ఐదడుగులు తీస్తున్నారు. తవ్వేటప్పుడు తిప్పన్నను పిలిచి మొరం తగిలిందా లేదా అని అడుగుతున్నారట, ఆయన పోయి గట్టు మీద నిలబడి చూస్తున్నాడట. నాతో ఆయన చెప్పలేదు, కూలీలు చెప్పారు.

నిన్న ఆ యాడికి ఊరు పోయాను. లచ్చుమక్క చెల్లెలు ఇంటి ముందు వేరుశనగ కాయలు చెరుగుతోంది. నిలబడే చెప్పాను, ఎక్కువ మాటలు పట్టలేదు. ఆమె చేట పక్కన పెట్టింది. "పద్నాలుగేండ్లు మా బావతో మాట్లాడలేదు. ఇప్పుడు పోయి ఏమని మాట్లాడేది?" అని నన్నే అడిగింది. కూర్చోమనలేదు, మంచినీళ్ళివ్వలేదు. ఇవ్వకపోవడమే నయం. వస్తానని చెప్పి బస్టాండు వైపు నడిచాను.

పది అడుగులు వేశానో లేదో, వెనక ఆమె గొంతు వినిపించింది. ఫోన్‌లో. "అక్కా, నేను. బావకు ఇయ్యి" అంది. తర్వాత "బావా" అంది. మళ్ళీ "బావా" అంది.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. నా నడక మాత్రం ఎందుకో తేలికైంది. నన్నెవరూ క్షమించలేదు, అది నాకు తెలుసు. ఈ సంగతి ఇంకా వినని వాళ్ళు ఎందరున్నారో, ఎక్కడున్నారో నాకు తెలియదు; అందుకే మీకు రాస్తున్నాను. ఎక్కడైనా ఎవరైనా తిప్పన్న మేస్త్రి పేరెత్తి నవ్వితే, అది ఆయన తప్పు కాదని మీరు చెప్పండి.